పద్దెనిమిదో నాచ్

మా తాతకు థర్మామీటరు మీద నమ్మకం లేదని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా ఆయన కుడిచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపును నుదుటికి ఆనించి, కళ్లు మూసుకుని, "చలి పెడుతాందా బిడ్డా? నోరు చేదుగున్నదా?" అని అడిగేవాడు. చెప్పింది విని కాసేపు ఆగి, "నూటొకటి ఉంటది. దవాఖానకు పోవుడు అక్కెరలేదు" అని తీర్పు ఇచ్చేవాడు. అన్నం గిన్నె, ఇస్త్రీపెట్టె, ఇన్వర్టర్ బ్యాటరీ, ఎండలో నిలబెట్టిన, మేం బాపు అని పిలిచే నాన్న స్కూటర్ సీటు, అన్నిటికీ అదే పరీక్ష. అరచెయ్యి ఎందుకు పెట్టవని ఒకసారి అడిగాను. "అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారుతది. చెయ్యెనుక తోలు పల్చగుంటది. అది అబద్ధమాడది" అన్నాడు. కాజీపేటలో ముప్పై ఏళ్లకు పైగా గూడ్సు బండ్లు నడిపిన మనిషి ఆయన. బండి ఆగినప్పుడల్లా కిందికి దిగి, ఇంజను చక్రాల పక్కనుండే ఇరుసు పెట్టెలను అట్లా వెనకచేత్తో తాకుతూ నడవడం వాళ్ల పద్ధతి. ఏ పెట్టె అయినా చెయ్యి ఆననీయకుండా కాలుతుంటే బండి అక్కడితో ఆగిపోవాల్సిందే. ఆ చెయ్యి నాకు మనిషి చెయ్యిలా కాక, ఎప్పుడూ తప్పు చూపని ఒక పరికరంలా కనబడేది.

పోయిన నెల ఆయన లైన్ బాక్సు తెరిచాం. డ్రైవర్లు డ్యూటీకి పోయేటప్పుడు బట్టలు, గిన్నెలు, జెండాలు పెట్టుకుపోయే నల్ల ఇనప పెట్టె అది. తాత సంవత్సరీకం అయ్యేదాకా అమ్మకు దాని మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. మూత ఎత్తగానే డీజిలు, వాము, బట్టల సబ్బు కలిసిన వాసన వచ్చింది. జెండాల కింద, మడతపెట్టిన ఖాకీ చొక్కా కింద, బూడిదరంగు ముద్ద నిండిన చిన్న సిరంజి కనబడింది. "ఇదేం సూది? షుగర్ సూదా?" అని అమ్మ కంగారుపడ్డది. "సూది గాదమ్మా. కంప్యూటర్‌కు పెట్టేది" అన్నాను. దాని కింద పొడుగాటి నోటుబుక్కు. అట్ట మీద తాత గుండ్రటి అక్షరాల్లో నా పేరు, రజిత. ఆ పుస్తకంలో ఆయన రాస్తుండగా నేను చూశాను. కానీ దాన్ని అట్లా నా పేరు పెట్టి దాచుకున్నాడని మాత్రం నాకు తెలియదు.

అప్పుడు నాకు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. మట్టెవాడలో మా ఇల్లు మూడు గదులు. ముందుది బాపు షాపు, నడిమిది పడక, వెనుకది వంట. పెండ్లి వీడియోలు తెచ్చిస్తే బాపు వాటిని కోసి, అతికి, పాటలు కలిపి ఒక డిస్కు చేసి ఇచ్చేవాడు. దాన్ని మా దగ్గర మిక్సింగ్ అనేవాళ్లు. అమ్మమ్మ పోయాక తాత ఆ ఇనప పెట్టెతో కాజీపేట నుంచి వచ్చి నడిమి గదిలో మంచం వేసుకున్నాడు. పొద్దున నాలుగింటికే లేచి స్నానం చేసి, గోడ గడియారం చూసి "రైట్ టైమ్" అని తనలో తాను అనుకునేవాడు. అంచుదాకా పోసిన చాయ్ గ్లాసును చేతిగుడ్డ లేకుండా పట్టుకుని, ఊదకుండా తాగేవాడు. పక్కన గాజుల దుకాణం నడిపే కమలక్క అది చూసి, "ఇంజన్ మనిషమ్మా, అగ్గితోని బతికినోడు" అని వచ్చినవాళ్లకు చెప్పేది. నేనూ ఒకసారి ఆ గ్లాసు పట్టుకుని చూశాను. మూడు అంకెలు కూడా లెక్కపెట్టలేకపోయాను. రోట్లో అమ్మ దంచే మామిడి తొక్కు ఘాటు మూడు గదులకూ పాకి, ముందు గదిలో బాపు తుమ్మితే గానీ మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది కాదు.

నేను మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. షాపుకు ఎవరైనా వస్తే వెనుక గదికి జారుకునేదాన్ని. కాలేజీలో హాజరు పిలిస్తే నా "ప్రెజెంట్" మేడంకు వినబడక రెండుసార్లు ఆబ్సెంట్ పడింది. చెప్పాల్సిందంతా డైరీలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం బాపు అన్నం తిని కునుకు తీసేటప్పుడు మాత్రం ఆ కంప్యూటర్ నాది. అందులో పుస్తకాలు దింపుకుని చదివేదాన్ని. ఊళ్లో ఎవరూ ఎరగని ఊళ్లు నాకు ఆ తెర మీదే తెలుసు. అందుకే ఆ ఎండాకాలం బాపు అమ్మతో అన్న మాటను ఉన్నదున్నట్టు డైరీలో రాసుకున్నాను. "రెండు సీజన్లాయె, ఒక్క పని గూడ టైముకు ఇయ్యలేకపోతాన. అందరు హనుమకొండ దిక్కు పోతాన్రు. ఈ బట్టల సేటు బిడ్డ పెండ్లి గిట్ల తప్పితే షాపు మూసేసుడే. కంప్యూటర్ అమ్మి రఘునాథపల్లి పోయి అన్నతోని ఎవుసం చేస్త."

చిక్కు ఏమిటంటే కరెంటు. ఆ రోజుల్లో పగలు కోతలు ముందే చెప్పి తీసేవాళ్లు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉండదు, పన్నెండు నుంచి నాలుగు దాకా ఉంటుంది, మళ్లీ పోతుంది. రాత్రి మాత్రం ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇన్వర్టర్ ఒక ఫ్యాను, ఒక లైటు మోసేది, అంతే. బాపు అంతా కలిపి చివరికి డిస్కుకు తయారుచేసే పని మా పాత కంప్యూటర్ మీద కచ్చితంగా ఐదు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ముక్కలుగా చేసి అతికితే, అతికిన చోట పాట ఒక దిక్కు, పెదవులు ఒక దిక్కు పోయేవి. ఐదు గంటల పనిని నాలుగు గంటల సందులో దూర్చాలి. కొత్త కంప్యూటర్ మాట ఎత్తే స్థితి కాదు. పై వారం ఆదివారం సాయంత్రం సేటు ఇంట్లో విందు, తెర మీద పెండ్లి చూపించాలి. మా చేతిలో పన్నెండు రోజులు.

సదానందం అన్న హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆయన వచ్చి డబ్బా పక్క రేకు ఊడదీసి, పైనున్న ఫ్యానును, దాని కింది అల్యూమినియం రేకుల దిమ్మెను తీసి, ప్రాసెసర్‌ను బాపు అరచేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కన్నా కొంచెం వెడల్పాటి పలక. కింద దువ్వెన పళ్లకన్నా సన్నటి బంగారు సూదులు, వందలకొద్దీ. నేను చదివిన పుస్తకాలన్నీ, బాపు కలిపిన పెండ్లిళ్లన్నీ ఆ పలకలోంచే వచ్చాయని తెలిసి ముఖం దానికి దగ్గరగా పెట్టి చూశాను. "సెకనుకు రెండువందల ఎనభై కోట్ల సార్లు కొట్టుకుంటది అన్నా ఇది. నాలుగేండ్ల కింది మాల్, ఇప్పటి దానికి ముసలిదే. కని ఉరికించొచ్చు" అన్నాడు. తాత నడిమి గదిలోంచి లేచి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. "సెకనుకా, నిమిషానికా?" అని అడిగాడు. "సెకనుకే కాకా." తాత చాలాసేపు ఆ పలకనే చూసి, "మేం ఎనిమిది నాచ్‌లు ఎక్కిచ్చి, ఇంజన్ మొత్తం వణికితే నిమిషానికి వెయ్యి" అని మెల్లగా అన్నాడు. నాచ్ అంటే ఇంజను జోరు పెంచే పిడికి ఒక్కో మెట్టు.

సదానందం అన్న చూపిన దారి అన్నిటికన్నా తేలిక. బోర్డుతో వచ్చిన ఒక ప్రోగ్రాం, అందులో ఒకే ఒక్క బటన్. ఒత్తితే అదే వేగం పెంచుకుంటుంది, అదే కరెంటు పెంచుకుంటుంది. "ఫికర్ చేయకురి, అంతా అదే చూస్కుంటది" అని ఒత్తి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగాడో లేదో వేడి ఎనభై డిగ్రీలు దాటి, తెర నల్లబడి, మెషిన్ తనంతట తాను పడుకుంది. అంత ఎండలో, అంత పాత రేకుల దిమ్మెతో అది తట్టుకోలేనంత కరెంటును ఆ బటన్ దయలేకుండా పోసిందని నాకు తర్వాత చదివితే తెలిసింది.

నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ పాత మెషిన్లను ఎట్లా ఉరికించారో రాసుకున్న ఇంగ్లీషు పేజీలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని, అర్థమైనంత డైరీలోకి తెలుగులో దింపుకున్నాను. వాళ్లలో కొందరు రాత్రి చలికి కిటికీ తెరిచి పెట్టామని రాశారు. వాళ్ల చలి నాకు ఊహకు కూడా అందలేదు. మొత్తానికి తెలిసిందేమంటే, బోర్డు అంతటికీ కలిపి, పాటకు వేసినట్టు, ఒక తాళం నడుస్తుంది, దాని అంకె రెండువందలు. ప్రాసెసర్ ఆ తాళాన్ని పద్నాలుగింతలు చేసుకుని నడుస్తుంది. వేగం పెంచాలంటే తాళమైనా పెంచాలి, ఆ పద్నాలుగునైనా పెంచాలి. చాలామంది తాళం పెంచమనే రాశారు, ఎందుకంటే చాలా ప్రాసెసర్లలో రెండో అంకెకు కంపెనీవాళ్లు తాళంకప్ప వేసి పంపిస్తారట. నేను కూడా అదే చేశాను. వేడి పెద్దగా పెరగలేదు. బాపు ఒక చిన్న వీడియో పెట్టి చూశాడు. తలంబ్రాలు పోసే దగ్గర పెండ్లికూతురు ముఖం మీద ఆకుపచ్చ గళ్లు లేచాయి. "ముఖమంత పచ్చగడ్డి మొలిచింది. సేటు చూస్తే నన్ను పాతిపెట్టి మొలిపిస్తడు" అన్నాడు బాపు. నవ్వాడు గానీ ఆ రోజు సరిగా అన్నం తినలేదు.

తాత నన్ను పిలిచి, "తాళమంటే ఎవలెవలికి?" అని అడిగాడు. ప్రాసెసర్‌కు, మెమరీకి, ఇంకా బోర్డు మీద ఉన్న చాలావాటికి అని గొణిగాను. "గట్లయితే ఇంజన్ ఒక్కటే ఉరుకుతలేదు. డబ్బాలు గూడ తమంతట తాము ఉరుకుతానయి. కప్లింగులు తెగయా? ఇంజన్ ఒక్కదాన్ని పెంచే తరీక లేదా?" ఉంది. ఆ పద్నాలుగు. మా దానికి తాళంకప్ప ఉందో లేదో నేను చూడనే లేదు. మెషిన్ మొదలయ్యే ముందు వచ్చే నీలిరంగు తెరలోకి వెళ్లి, ఒక మెట్టు పైకి నొక్కాను. పద్నాలుగున్నర అయింది. ఎవరో, ఎక్కడో, మా ప్రాసెసర్‌ను కప్ప వెయ్యకుండా వదిలారు. తాత ముఖంలో వెలుగు ఇప్పటికీ గుర్తు. "రోజుకొక్క నాచ్. కరెంటు పెంచుడు లేదు. ఒక్కో నాచ్ మీద గంట ఉరికిద్దాం. డెబ్భై మన సిగ్నల్, దాటొద్దు" అని నోటుబుక్కు తెచ్చుకున్నాడు. నేను లెక్క వేసి చూపించాను. పద్దెనిమిదికి చేరితే ఐదు గంటల పని నాలుగు గంటల లోపల, ఏడు నిమిషాలు మిగిలేలా అయిపోతుంది.

దానికి ముందు గ్రీజు. ప్రాసెసర్‌కు, రేకుల దిమ్మెకు మధ్య ఉండే పేస్టు ఎండి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. సదానందం అన్న కొత్త పేస్టు నిండిన సిరంజి ఇచ్చాడు. నేను దోశ మీద చట్నీ వేసినట్టు వేశాను. తాత ఆపాడు. "గ్రీజు తక్కువైతే బేరింగ్ కాలుతది, ఎక్కువైతే గూడ కాలుతది. తుడువు. పెసరగింజంత పెట్టు." ఆ ఒక్క మాటకు వేడి ఆరు డిగ్రీలు దిగింది. కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టని మనిషికి అది ఎట్లా తెలిసిందని ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను.

అసలు కష్టం తర్వాత వచ్చింది. రైలింజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ సిగ్నల్ కనబడగానే దాని రంగును పిలవాలి, అంటే గట్టిగా నోటితో చెప్పాలి. ఒకరు పిలిస్తే రెండోవారు తిరిగి అనాలి. ఇద్దరికీ కనబడుతూనే ఉన్నా సరే. తాత నన్ను తెర ముందు కూర్చోబెట్టి, తాను కింద ముక్కాలిపీట మీద కూర్చుని, ఫ్యాను పక్కన రేకుల మీద చెయ్యి వెనకవైపు ఆనించి, "పిలువు" అన్నాడు. నేను తెర మీది అంకె చూసి "యాభై ఆరు" అన్నాను. "ఏమన్నవ్?" "యాభై ఆరు." "పిల్లి కూసినట్టు కూయకు. ఇంజన్ల కూసున్నవ్ నువ్వు. మనసుల అనుకుంటే సిగ్నల్ చూసినట్టు కాదు. నోటితోని అంటేనే చూసినట్టు." నీకు చేతికి తెలుస్తూనే ఉంది కదా తాతా అన్నాను. "చెయ్యి సంగతి చెయ్యిది. నీ సంగతి నీది" అన్నాడు. మూడో రోజుకు నా గొంతు షాపు గడప దాటింది. "యాభై తొమ్మిది!" "యాభై తొమ్మిది." "అరవై!" "అరవై." కమలక్క గాజుల మూట దింపి తొంగిచూసింది. "ఏంది పోరీ, తాతా మనవరాలు గీ ఎండల హౌసీ ఆడుతాన్రా? నాకు గూడ ఒక టికెట్ రాసియ్యి." అంకెలు పిలిచే ఆ ఆట మాట వినగానే నేను సిగ్గుతో చచ్చిపోయాను. "పిలువు" అన్నాడు తాత, తల తిప్పకుండా.

పదహారున్నర దాకా బండి చక్కగా నడిచింది. పదిహేడు మీద అరవై ఎనిమిది కనబడింది. బయట ఎండ నలభై నాలుగు. ఆ రోజు తాత పింఛను పనిమీద కాజీపేట పోయి, రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. నాకు ఒక ఉపాయం తట్టింది. ఎండాకాలం మన ఇండ్లల్లో మనిషికైనా, మామిడిపండ్లకైనా ఉన్న మందు ఒక్కటే కదా. నడిమి గదిలోంచి కూలర్‌ను ఈడ్చుకొచ్చి, గడ్డి చాపల మీద బోరునీళ్లు నిండుగా పోసి, విప్పిన కంప్యూటర్ డబ్బాకు ఎదురుగా పెట్టాను. యాభై రెండు! తడి వట్టివేళ్ల వాసనతో చల్లటి గాలి, తెర మీద దిగిపోతున్న అంకెలు. ప్రపంచంలో ఎవరికీ తోచనిది నాకు తోచిందనుకుని పొంగిపోయాను. బాపు కూడా వచ్చి, "నా బిడ్డ ఇంజినీర్" అన్నాడు. రెండు రోజులు తాతకు చెప్పకుండా అట్లాగే నడిపాను. మూడో రోజు, గురువారం, మెషిన్ లేవలేదు.

తాత టార్చిలైటు వేసి చూశాడు. బోర్డు మీద, మెమరీ పలకల కాళ్ల మీద, సన్నగా తెల్లటి పొర. మా బోరునీళ్ల ఉప్పు. బిందెలకు పట్టే అదే తెలుపు, గాలిలో తుంపరై వచ్చి అక్కడ ఆరిపోయింది. బాపు షాపు ముందు మెట్టు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. తిట్టినా బాగుండేది. తాత నా వైపు కూడా చూడకుండా పళ్ల బ్రష్షు, స్పిరిట్ తెమ్మన్నాడు. మెమరీ కాళ్లను నా పెన్సిల్ రబ్బరుతో రుద్దమన్నాడు. ఇద్దరం రోజంతా రుద్దుతూనే ఉన్నాం. సాయంత్రం పూట, "నీళ్లు ఇంజన్ లోపట ఉండాలె బిడ్డా, ఇంజన్ మీద కాదు" అని మాత్రం అన్నాడు. శుక్రవారం అంతా ఫ్యాను కింద ఆరబెట్టాం. శనివారం సాయంత్రానికి మెషిన్ లేచింది. ఒక మెమరీ పలక చచ్చిపోయింది, రెండోది బతికింది. పదిహేడున్నర, పద్దెనిమిది గంట గంట ఉరికించి చూసే రోజులు నేనే మింగేశాను. ఆదివారం పన్నెండింటికి నేరుగా పద్దెనిమిది మీదే పోవాలి.

పన్నెండూ రెండుకు బాపు బటన్ నొక్కాడు. షాపులో మేం ముగ్గురం, సదానందం అన్న, సేటు పంపిన మనిషి. తాత చెయ్యి రేకుల మీద, నోటుబుక్కు మోకాలి మీద. నేను ఐదు నిమిషాలకోసారి పిలుస్తున్నాను. అరవై నాలుగు, అరవై ఆరు. రెండింటికి అరవై ఎనిమిది. గోడలు కూడా సెగ కక్కుతున్నాయి. మూడింటికి డెబ్భై. ఆ తర్వాత తెర మీద అంకె మారింది. సేటు మనిషి నా వైపే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. "ఏమన్నవ్?" అన్నాడు తాత. చెయ్యి ఆ కాలే రేకుల మీదే ఉంది. "ఏమన్నవ్ బిడ్డా? పిలువు!"

"డెబ్భై ఒకటి!" అని అరిచాను. ఆ గొంతు ఎవరిదో అనుకున్నాను. పక్క దుకాణంలో కమలక్క గాజుల గలగల ఆగిపోయింది.

"డెబ్భై ఒకటి" అని తాత తిరిగి అని, లేచాడు. బాపు "కూలర్..." అనబోతే, "మళ్లనా?" అన్నాడు. "ఒక్కో మనిషి ఒక్కో కుంపటి. అందరు బయటికి నడువున్రి. లైటు బంద్ చెయ్యి. సగం షటర్ దించు, ఎండ తగులుతాంది." సేటు మనిషితో సహా ముగ్గురూ బయటికి పోయారు. తాత, డబ్బాలోకి గాలి కొడుతున్న టేబుల్ ఫ్యానును ఎత్తి, వెనక్కి తిప్పి, లోపలి వేడిని బయటికి లాగేలా పెట్టాడు. చీకటి గదిలో తెర వెలుగు, ఫ్యాను మోత, నా గొంతు. డెబ్భై ఒకటి. డెబ్భై ఒకటి. డెబ్భై. అరవై తొమ్మిది. ఒక పలక కోట్లసార్లు కొట్టుకుంటూ ఒక పెండ్లిని అల్లుతోంది, ఒక ముసలి చెయ్యి దాని నాడి పట్టుకుని కూర్చుంది, నేను చూసింది చూసినట్టు పిలుస్తున్నాను. నాకు తెలిసి నేను గుడిలో కూడా అంత భక్తితో నిలబడలేదు. మూడూ యాభై ఐదుకు పని పూర్తయిందని తెర చెప్పింది. బాపు షటర్ ఎత్తి లోపలికి వచ్చి డిస్కు తీశాడు. ఇంకో నాలుగు నిమిషాలకు కరెంటు పోయింది.

సాయంత్రం అన్నం పెడుతూ అమ్మ తాత చెయ్యి చూసి గిన్నె వదిలేసింది. వేళ్ల వెనక రూపాయి బిళ్లంత బొబ్బ. "గింత కాలేదాక ఎట్ల పెట్టినవ్ నాయినా?" "పనిల పడి తెల్వలే" అన్నాడు తాత. మనిషికి పని మీద అంత లగ్నం ఉంటుందా అని నేను ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

బాపు షాపు ఇంకో నాలుగేళ్లు నడిచింది. ఆ నాలుగేళ్లలో నేను ఆ కంప్యూటర్ మీద ఎన్ని పుస్తకాలు చదివానో లెక్క లేదు. ఇప్పుడు బాపు ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తాడు. నేను డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ ముప్పై మెషిన్లు. అవసరమైతే వాటికవే ఉరుకుతాయి, వేడెక్కితే వాటికవే తగ్గుతాయి. నా చేతిలో ఫోను కూడా అంతే. ఎవరూ పిలవనక్కరలేదు, ఎవరూ చెయ్యి పెట్టి చూడనక్కరలేదు. మంచిదే. ఆ ఎండాకాలం మాకు పన్నెండు రోజులు పట్టిన పని వీటికి ఒక క్షణం కూడా పట్టదు. ఆ క్షణంలో ఏం జరుగుతుందో మా కాలేజీ పిల్లల్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. అప్పుడప్పుడు ఒక డబ్బా రేకు ఊడదీసి, చూడండి, అని వెనక బెంచీకి వినబడేలా చెప్తాను. ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలుసు.

నోటుబుక్కు ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదివాను. బండి నడిపినప్పుడు రాసినట్టే రాశాడు. ఎడమ దిక్కు నాచ్, మధ్యలో గడియారం, కుడి దిక్కు నేను పిలిచిన అంకె. కూలర్ పెట్టిన రోజుల దగ్గర ఖాళీ వదిలి, "డ్రైవర్ సెలవు" అని రాసుకున్నాడు. నవ్వొచ్చింది. చివరి పేజీ ఆ ఆదివారానిది. "18 నాచ్. స్టార్ట్ 12.02. అరైవల్ 3.55." కింద నాలుగు వరుసలు. "చెయ్యి పెట్టిన. ఎన్నటి లెక్కనే ఏం తెల్వలే. షుగర్ వచ్చినకాడి నుంచి చేతులకు వేడి, సలువ తెలుస్తలేవు. పిల్లకు చెప్పలే. చెప్తే భయపడి దాని గొంతు ఇంకింత లోపటికి పోతది. అది పిలిచిన అంకెల మీదనే బండి నడిపిన."

చాయ్ గ్లాసు గుర్తొచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి "చలి పెడుతాందా బిడ్డా" అని ముందు నన్నే అడగడం గుర్తొచ్చింది. బొబ్బ గుర్తొచ్చింది. అన్ని రోజులూ నేను ఆ చేతిని చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఆ చెయ్యి అన్ని రోజులూ నా నోటి కోసం ఎదురుచూసింది.

ఆ పేజీలో కుడి దిక్కు వరుసంతా చీమల బారులా చిన్న చిన్న అంకెలు. అరవై నాలుగు, అరవై ఆరు, అరవై ఎనిమిది, డెబ్భై. వాటి కింద ఒక్క అంకె మాత్రం రెండు గీతలు ఆక్రమించి, పెన్సిలు కాగితంలోకి దిగేంత గట్టిగా ఒత్తి రాసి ఉంది. 71. నేను ఎంత గట్టిగా పిలిచానో తాత అంత పెద్దగా రాసుకున్నాడు.